వీడ్కోలు కేకుకు మూడు పని దినాలు

ఈ భూమండలం మీద వివక్షను సమూలంగా, శాశ్వతంగా నిర్మూలించిన మొట్టమొదటి సంస్థ నెబ్రాస్కాలోని మా బిగ్ ఎల్క్ కాలేజీ క్రీడా విభాగం. నిర్మూలన జరిగిన తేదీ మార్చి పద్నాలుగు, సమయం మధ్యాహ్నం రెండున్నర. ఆ క్షణాన విభాగంలోని ఆఖరి ఉద్యోగి, బేస్‌బాల్ కోచ్ రస్టీ బౌమన్, కంప్యూటర్లో నలభై నిమిషాల శిక్షణ పూర్తి చేసి "నాకు అర్థమైంది" అనే బొత్తం నొక్కాడు. (నిజానికి నొక్కింది ఆఫీసు చూసుకునే డార్లా. రస్టీకి ఆ పూట ప్రాక్టీసు ఉంది. బొత్తం నొక్కబడాలని నిబంధనల్లో ఉంది గానీ ఎవరి వేలితో అన్నది లేదు.)

ఈ ఘనవిజయానికి బాధ్యుడు డ్వేన్ హాఫ్‌స్టెటర్. వయసు యాభై ఏడు. హోదా, సమన్యాయ సౌమనస్య వ్యవహారాల సహాయ డైరెక్టరు. అంతకుముందు కుస్తీ జట్టుకు సహాయ కోచ్‌గా ఉండేవాడు. మోకాలు పాడై, కూర్చుని చేసే పని ఏదైనా ఇప్పించమని అడిగితే, అప్పట్లో కూర్చుని చేసే పనుల్లో న్యాయం ఒక్కటే ఖాళీగా ఉంది. దాంతో ఆయనకు అది ఇచ్చారు. తువ్వాళ్లు ఆరబెట్టే గదిని ఆఫీసుగా మార్చి, తలుపు మీద పేరు రాయించారు. గోడల్లోంచి ఇప్పటికీ తడి తువ్వాళ్ల వాసన వస్తుంది. దాని మీద ఫిర్యాదు చేసుకోవచ్చు, కానీ ఫిర్యాదులు తీసుకునేది డ్వేనే.

డ్వేన్ మంచివాడు. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు, అందరికంటే బాగా డ్వేన్‌కి తెలుసు. మంచు పడితే పక్కింటివాళ్ల వాకిలి కూడా తనే శుభ్రం చేస్తాడు. నాలుగు రోడ్ల కూడలికి తనే ముందొచ్చినా "మీరు పోనివ్వండి, మీరు పోనివ్వండి" అంటూ వెనక పది కార్లు నిలబెడతాడు. నోట్లో నాలుక లేని మనిషి అని అంటే నొచ్చుకోడు, తన మీద తనే నాలుగు విసుర్లు విసురుకుంటాడు. "ఓడిపోయిన పిల్లల్ని ఓదార్చడంలో రాష్ట్రం మొత్తం మీద నన్ను మించిన కోచ్ లేడయ్యా. అంత సాధన చేశాను మరి," అనేవాడు.

ఏప్రిల్లో ఆయన బల్ల మీదికి ఒక ఫిర్యాదు వచ్చింది. వివక్ష లేని సంస్థలో వివక్ష మీద ఫిర్యాదు రావడం సాంకేతికంగా అసాధ్యం కాబట్టి, తప్పు చిరునామాకు వచ్చిన ఉత్తరమేమో అనుకున్నాడు. రాసింది ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ కోచ్ మార్లీస్ క్రాట్కీ. పంతొమ్మిదేళ్లుగా అదే జట్టుకు కోచ్. పదకొండుసార్లు లీగ్ గెలిపించింది. (రస్టీ జట్టు ఒక్కసారి గెలిచింది. ఆ ఒక్కదానికీ స్టేడియం గోడ మీద ఇత్తడి ఫలకం ఉంది. పదకొండుకు పదకొండు పెడితే గోడ పాడవుతుందని భవనాల శాఖ అభిప్రాయపడింది.)

ఉత్తరంలో ఆవిడ రాసింది ఇంతే. మగపిల్లల జట్టుకు లాకర్లూ, వేడినీళ్ల స్నానాలూ ఉన్న గది ఉంది. ఆడపిల్లలు గడ్డి కోసే యంత్రం పెట్టే షెడ్డులో బట్టలు మార్చుకుంటున్నారు. మూడేళ్లలో ఏడుసార్లు అడిగింది. అడిగినందుకు మీటింగులకు పిలవడం మానేశారు.

మా నియమావళి ఆరో నియమం ఏమంటుందంటే, ఫిర్యాదు అందినట్టు ఫిర్యాదుదారుకు తెలియజేయవలెను, అర్థమైనట్టు తెలియజేయరాదు. పదకొండో నియమం ప్రకారం సానుభూతి లేఖ రెండు పేరాలు మించకూడదు, అందులో "క్షమించండి" అన్న మాట ఎక్కడా దొర్లకూడదు. డ్వేన్ రెండూ తుచ తప్పకుండా పాటించాడు. మర్నాడు మార్లీస్ చేతిలో కాఫీ ఫ్లాస్కుతో నేరుగా తువ్వాళ్ల గదిలోకి వచ్చి కూర్చుంది.

"నా ఉత్తరం చదివావా, డ్వేన్?"

"అందింది మార్లీస్. అందినట్టు నీకు ఉత్తరం కూడా పంపానే."

"అందిందని నాకూ అందింది. చదివావా అని అడుగుతున్నా."

"అంటే, నియమం ప్రకారం ఆ సంగతి నేను..."

"ఆ నియమాన్ని తీసుకెళ్లి షెడ్డులో పెట్టు. గడ్డి మిషను పక్కన ఇంకాస్త చోటుంది. మీ కెల్సీ నాలుగేళ్లు అక్కడే కదయ్యా బట్టలు మార్చుకుంది! పెట్రోలు కంపు కొడుతూ ఇంటికొచ్చేది కాదూ? ఎందుకమ్మా అని ఒక్కసారి అడగాలనిపించలేదా నీకు?"

డ్వేన్‌కి గుర్తుంది. కూతురు నాలుగేళ్లు పెట్రోలు వాసనతో ఇంటికొచ్చింది. కారును ఎంత శ్రద్ధగా చూసుకుంటోందో అని ఆయన మురిసిపోయాడు.

"నేను ఏదో ఒకటి చేస్తాను, మార్లీస్," అన్నాడు.

"ఏదో ఒకటి వద్దు నాయనా, ఒక్కటే చెయ్. వెళ్లి చూడు. చూసింది రాయి. అంతకంటే నిన్నేమీ అడగను."

నిజంగానే వెళ్లాడు. టేపు పట్టుకుని షెడ్డు కొలిచాడు. ఇరవై ఇద్దరు పిల్లలకు పదకొండు మేకులు, అంటే సగటున మనిషికి అరమేకు అని లెక్క తేల్చాడు. "గాలి, వెలుతురు: గడ్డి కోసే యంత్రానికి సరిపడా ఉన్నవి" అని రాశాడు. ఒక్క అబద్ధం లేదు. అంత నిజం రాసిన రోజు తన ఉద్యోగ జీవితంలో మరొకటి లేదని అనిపించి, ఆ సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు ఈల వేసుకున్నాడు కూడా. ఆ నివేదిక క్రీడా విభాగం డైరెక్టరు ట్రెంట్ స్టాల్‌వర్త్ దగ్గరికి వెళ్లింది.

ట్రెంట్‌కు నలభై ఒకటి. అందరినీ "గురూ" అంటాడు, ఎవరి మాటా వినడు. డ్వేన్‌ని పిలిచి తలుపు వేశాడు.

"గురూ, మనమంతా ఒక కుటుంబం. కుటుంబంలో ఎవరైనా షెడ్డు గురించి రాతపూర్వకంగా అడుగుతారా?"

"నోటితో ఏడుసార్లు అడిగిందటండీ."

"అదే గురూ సమస్య! ఆ అడగడంలో ఉన్న స్వరం. నేను రాసి పెట్టుకున్నా."

ఇక్కడ ఒక సాంకేతిక వివరం చెప్పాలి. మా విభాగంలో ప్రవర్తన నమోదు చేసే ఫారం స్త్రీ పురుషులకు ఒకటే. మా సమానత్వం అక్కడే మొదలై అక్కడే ముగుస్తుంది. అందులో "ఉత్సాహం" అని ఒక గడి, "స్వరం" అని ఒక గడి ఉన్నాయి. రస్టీ బౌమన్ అంపైరు మీదికి మంచినీళ్ల పీపా విసిరినప్పుడల్లా అది ఉత్సాహం గడిలో పడుతుంది. (ఏటా నాలుగు పీపాలు పగులుతాయి కాబట్టి వాటిని సుద్దముక్కలతో పాటు వాడుక సరుకుల్లో చేర్చారు.) మార్లీస్ మీటింగులో "ఇది అన్యాయం" అంటే అది స్వరం గడిలో పడుతుంది. ఎవరు ఏ గడిలో పడాలన్నది ఫారం నిర్ణయించదు. ఫారం నిష్పాక్షికం.

"శుక్రవారం విచారణ పెడుతున్నాం," అన్నాడు ట్రెంట్. "కమిటీలో నేనూ, రస్టీ, నువ్వూ. నువ్వుంటే న్యాయంగా కనిపిస్తుంది గురూ. మనసులో ఏమీ పెట్టుకోకుండా ఆవిడ చెప్పేదంతా విందాం. ఆఁ, అన్నట్టు, మామూలుగా చేసేవి చెయ్యమని డార్లాకి ఓ మాట చెప్పు."

మామూలుగా చేసేది అంటే కేకు. మా వైపు మనిషిని కారణం లేకుండా పంపించవచ్చు గానీ కేకు లేకుండా పంపకూడదు. అది ఏ నియమావళిలోనూ లేదు, అయినా అతిక్రమించినవాడు లేడు. నలభై ముక్కలొచ్చే పలక కేకు, పైన క్రీముతో పేరు, కాగితం పళ్లేలు, ప్లాస్టిక్ ఫోర్కులు. పోయేవాళ్లు నిలబడి తింటారు, ఉండేవాళ్లు నిలబడి చూస్తారు. తర్వాత అందరూ వాతావరణం గురించి మాట్లాడుకుని వెళ్లిపోతారు.

సోమవారం పొద్దున్నే డార్లా బేకరీ ఫారం పట్టుకుని వచ్చింది.

"పలక కేకుకి మూడు పని దినాలు ముందు చెప్పాలట, నాయనా. ఇవాళ ఇవ్వకపోతే శుక్రవారానికి రాదు. ఏం రాయించను?"

విచారణ ఇంకా జరగలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఈ సంగతి డ్వేన్‌కి తట్టాలి. తట్టలేదు. ఆయనకు తట్టింది మరొకటి. మార్లీస్‌కి నిమ్మకాయ రుచి ఇష్టం. పంతొమ్మిదేళ్ల కిందట కెల్సీ పుట్టినరోజు పార్టీలో ఆవిడ నిమ్మ కేకు రెండు ముక్కలు అడిగి మరీ తిన్నది. ఆ మాట గుర్తున్నందుకు తన మీద తనకే గౌరవం కలిగింది. డార్లా చేతిలోంచి ఫారం తీసుకుని స్వయంగా పూర్తి చేశాడు. రుచి: నిమ్మ. సందర్భం: వీడ్కోలు. రాయవలసినది: "ధన్యవాదాలు మార్లీస్! కొత్త దారిలో శుభం!" కింద సంతకం చేసి తేదీ వేశాడు.

"నువ్వెంత మంచివాడివయ్యా," అంది డార్లా.

శుక్రవారం మార్లీస్ ఇస్త్రీ చేసిన కోటు వేసుకుని, ఫోటోలు, ఉత్తరాలు వరసగా పెట్టుకుని వచ్చింది. నలభై నిమిషాలు మాట్లాడింది. గొంతు ఒక్కసారి కూడా పెంచలేదు. అంత జాగ్రత్తగా మాట్లాడటానికి ఆవిడ ఎంత కష్టపడుతోందో చూస్తే డ్వేన్‌కి జాలేసింది. రస్టీ బల్ల కింద ఫోన్లో ఆట స్కోరు చూసుకుంటున్నాడు. ట్రెంట్ ప్రతి రెండు నిమిషాలకూ "వింటున్నాం" అన్నాడు. డ్వేన్ కాగితం మీద "చాలా చక్కగా చెప్పింది" అని రాసుకుని, కింద గీత కూడా గీశాడు. తర్వాత ఆవిడను బయట కూర్చోమన్నారు. స్వర సమస్య కారణంగా మార్లీస్ క్రాట్కీని తొలగించాలన్న తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. (సభ్యులు ముగ్గురు.)

ఉత్తరం చేతికిచ్చి, కేకు ఉన్న గదికి తీసుకెళ్లారు. మార్లీస్ ఏడవలేదు, అరవలేదు. ఇచ్చిన ముక్క తీసుకుని ఒక ఫోర్కు నోట్లో పెట్టుకుంది. పక్కనే డ్వేన్ నిలబడ్డాడు.

"నిమ్మకాయ," అందావిడ.

"నీకిష్టం కదా. రోజూ దొరకదు వాళ్ల దగ్గర. అందుకే సోమవారమే చెప్పిపెట్టాను."

ఆవిడ చేతిలో ఫోర్కు ఆగింది.

"సోమవారం?"

"ఆఁ, మూడు పని దినాలు కావాలంటారు. మంగళ, బుధ, గురు..."

"డ్వేన్, ఇవాళ శుక్రవారం."

"అవును."

"పొద్దున్న నేను నలభై నిమిషాలు మాట్లాడాను."

అప్పటికి తెలిసింది డ్వేన్‌కి, తనేం చేశాడో, ఇప్పుడేం చెప్పాడో. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఊరుకున్నా బాగుండేది. కానీ మర్యాదస్థుడు, మాట మధ్యలో వదిలెయ్యలేడు.

"చాలా బాగా మాట్లాడావు," అన్నాడు.

మార్లీస్ పళ్లెం కింద పెట్టింది. అట్టపెట్టె మీద ఆర్డరు తేదీతో అంటించిన బేకరీ చీటీని వంగి ఒకసారి చదివింది, ఫోనుతో ఫోటో తీసుకుంది. పంతొమ్మిదేళ్లు పనిచేసిన చోటు నుంచి ఎవరితోనూ వాతావరణం గురించి మాట్లాడకుండా వెళ్లిపోయింది. ఆ కేకు ఆ సాయంత్రానికి అయిపోయింది. వృథా చెయ్యడం మా పద్ధతి కాదు.

మూడు వారాలకు కోర్టు కాగితాలు వచ్చాయి. ఆడవాళ్లపై వివక్ష, ఫిర్యాదు చేసినందుకు కక్షసాధింపు. కాగితాలు రాగానే కాలేజీ లాయరు అందరికీ హుకుం పంపాడు: కేసుకు సంబంధించిన ఏ కాగితమూ, ఎంత చిన్నదైనా, పారవేయరాదు. హుకుములను అక్షరాలా పాటించేవాడు మా విభాగంలో ఒక్కడే ఉన్నాడు. డ్వేన్ షెడ్డు నివేదిక, తన నోట్సు, బేకరీ ఫారం నకలు, పళ్లెం మీద వేసిన కాగితం రుమాలుతో సహా ఫైలు కట్టి, పైన వరస నంబర్లు వేశాడు.

రెండు రోజులకు ట్రెంట్ తువ్వాళ్ల గదికి వచ్చాడు. డైరెక్టరు ఆ గదికి రావడం అదే మొదలు.

"గురూ, ఆ బేకరీ ఫారం నకలు మరీ చిన్న కాగితమట కదా."

"అరచెయ్యంత ఉంటుందండీ."

"చిన్న కాగితాలు గాలికి ఎగిరిపోతుంటాయి. మన వైపు అసలే గాలి ఎక్కువ."

"ఈ గదికి కిటికీ లేదండీ," అన్నాడు డ్వేన్.

ధైర్యం చేసి అన్న మాట కాదు. నిజంగానే కిటికీ లేదు. కానీ ట్రెంట్ వెళ్లిపోయాక, తను గొప్ప సాహసం చేశానన్న సంగతి డ్వేన్‌కి అర్థమై, ఛాతీ పొంగింది. ఆదివారం కెల్సీ ఫోను చేసేదాకా ఆ పొంగు ఉంది. కెల్సీ ఇప్పుడు ఒమాహాలో హైస్కూలు టీచరు, అక్కడి ఆడపిల్లలకు తనే సాఫ్ట్‌బాల్ నేర్పుతోంది.

"నాన్నా, కోచ్‌ని తీసేశారటగా. ఆ గదిలో నువ్వూ ఉన్నావట."

"ఉన్నానమ్మా. ఆమె చెప్పిందంతా నోట్సు రాసుకున్నాను."

"మరి నువ్వేమన్నావు?"

"నోట్సులోనా?"

"నోటితో, నాన్నా."

అవతల కూతురు కాసేపు ఎదురుచూసి ఫోను పెట్టేసింది. ఆ తరవాతి ఆదివారం ఫోను రాలేదు, ఆ పై ఆదివారమూ రాలేదు. ఆయనకు చాలా బాధ కలిగింది. ఆ బాధను ఏ గడిలో రాయాలో తెలియలేదు. కూతురు మళ్లీ మాట్లాడాలంటే ఎక్కడో ఒకచోట నోరు తెరవక తప్పదని మాత్రం తెలిసింది.

సెప్టెంబరులో, కోర్టు విచారణకు ముందు లాయర్లు తీసుకునే వాంగ్మూలానికి పిలిచారు. ముందు రోజు కాలేజీ లాయరు రెండు గంటలు కూర్చోబెట్టి తర్ఫీదు ఇచ్చాడు. ఆయన చెప్పినదాని ప్రకారం ఏ ప్రశ్నకైనా జవాబులు మూడే: అవును, కాదు, గుర్తులేదు. మంచి సాక్షికి జ్ఞాపకశక్తి ఉండాలి, ఉత్తమ సాక్షికి ఉండకూడదు. డ్వేన్ ఇదీ రాసుకున్నాడు.

ఒమాహాలో ఒక లాయర్ల ఆఫీసు. పొడవాటి బల్లకు ఇటు డ్వేన్, పక్కన కాలేజీ లాయరు. ఎదురుగా మార్లీస్, అదే ఇస్త్రీ కోటులో. ఆవిడ పక్కన ఆవిడ తరఫు లాయరమ్మ. చివర్లో ప్రతి మాటా టైపు చేసే ఆవిడ. లాయరమ్మ బేకరీ ఫారాన్ని బల్ల మీద ఆయన ముందుకు జరిపింది.

"ఈ చేతిరాత ఎవరిదండీ?"

"నాదేనండీ."

"సందర్భం అన్నచోట వీడ్కోలు అని ఉంది. తేదీ సోమవారం. శుక్రవారం విచారణలో ఏం తేలుతుందో మీకు సోమవారమే తెలుసా?"

కాలేజీ లాయరు చిన్నగా దగ్గాడు. అది మూడో జవాబుకు సంజ్ఞ. డ్వేన్ నోటిదాకా "గుర్తు" వచ్చింది, "లేదు" రాలేదు. ఎదురుగా మార్లీస్ తననే చూస్తోంది. ఆ చూపులో కోపం ఉంటే తట్టుకునేవాడేమో. లేదు. షెడ్డు చూసి రమ్మన్న రోజు ఎలా చూసిందో అలాగే చూస్తోంది, ఈసారైనా చూసింది చెబుతాడేమోనని.

"తెలుసండీ," అన్నాడు.

"మరి విచారణలో ఎందుకు కూర్చున్నారు?"

"పాపం, అంత తయారై వచ్చింది కదండీ. వినకపోతే మర్యాదగా ఉండదని."

టైపు చేసే ఆవిడ వేళ్లు ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలాయి.

"ఆమె చెప్పింది మీరు నమ్మారా?"

"ప్రతి మాటా నమ్మానండీ. షెడ్డు నేనే కొలిచాను. పదకొండు మేకులు."

"రస్టీ బౌమన్ పీపాలు విసిరిన విషయం?"

"ఉత్సాహం గడిలో నేనే రాశానండీ."

"అయినా, చివర్లో ఓటింగు పెట్టినప్పుడు మీరు తొలగించాలనే ఓటేశారు."

"వేశానండీ. చేతులెత్తమన్నారు, ఎత్తాను."

కాలేజీ లాయరు కలానికి మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఇక ఆ కేసులో రాసుకోవలసిందేమీ లేదని ఆ గదిలో అందరికీ తెలిసిపోయింది. మార్లీస్ మొదటిసారి కళ్లు దించి, కోటు అంచుతో తుడుచుకుంది. డ్వేన్‌కి ఒళ్లు తేలికైంది. రాత్రికి కెల్సీకి తనే ఫోను చెయ్యాలనుకున్నాడు. చెప్పాను తల్లీ, నోటితోనే చెప్పాను అనాలనుకున్నాడు.

లాయరమ్మ కాగితాలు సర్దుకుంటూ గొంతు తగ్గించింది. ఆవిడా మంచిదే. నిజం చెప్పినవాడికి ఒక దారి వదలాలనుకుంది.

"ఆఖరి ప్రశ్న, హాఫ్‌స్టెటర్ గారూ. తొందరేమీ లేదు, బాగా ఆలోచించి చెప్పండి. ఓటు అలా వెయ్యమని మీ మీద ఎవరైనా ఒత్తిడి తెచ్చారా? బెదిరించారా? ఉద్యోగం తీసేస్తామని ఎవరైనా అన్నారా?"

డ్వేన్ నిజంగానే ఆలోచించాడు. ఆ వారమంతా, సోమవారం నుంచి శుక్రవారం దాకా, గంట గంటా వెనక్కి వెళ్లి వెతికాడు. ఒక్క బెదిరింపు దొరికితే చాలు, చిన్నదైనా ఫరవాలేదు, కూతురికి చెప్పుకోవచ్చు. బల్ల చుట్టూ అందరూ ఓపికగా ఎదురుచూశారు. మార్లీస్ కూడా, అదేదో దొరికితే బాగుండునన్నట్టే చూసింది.

"లేదండీ," అన్నాడు చివరికి. "నాకెవరూ ఏమీ చెప్పలేదు. చెయ్యి దానంతటదే లేచింది."